గడ్డలను పట్టేవాడు

పటాన్‌చెరు,
12 జులై 2001

మామకు, అత్తకు, అమ్మమ్మకు రాధ దండాలు. బర్రెకు కూడా. అది ఈనిందో లేదో పోయిన ఉత్తరంలో మీరు రాయలేదు.

ముందే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఈసారి బోనాలకు రాలేను. కంపెనీలో కొత్త పని మొదలైంది, నన్ను అందులో వేశారు. మేం గాజు గిన్నెల్లో కంటికి కనిపించనంత చిన్న కణాలను పెంచుతాం. రోజు విడిచి రోజు వాటికి మేత మార్చాలి. ఆదివారమైనా, బోనాలైనా వాటికి ఒకటే.

పని ఏమిటో మీకు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. అమ్మ పోయాక మీరు నన్ను పెంచి ఎమ్మెస్సీ దాకా చదివించింది ఇందుకే అనిపించింది. కొందరు ముసలివాళ్లకు మరపు జబ్బు వస్తుంది కదా. వాళ్ల మెదడులో ఒక ప్రొటీన్ కరిగిపోకుండా గడ్డలు కట్టి పేరుకుంటుంది. ఆ గడ్డలను వెతికి పట్టుకునేవాటిని ప్రతిరక్షకాలు అంటారు. అవి తయారుచేయడమే మా పని. మా పెద్దసారు త్రినాథరావు గారు కోస్తా మనిషి, నెమ్మదస్తుడు, నేను తప్పు చేసినా "పర్వాలేదండి" అంటారు. అదే భయం.

ముత్తంగిలో గది బాగుంది. పగలూ రాత్రీ లారీలు పోతుంటే గిన్నెలు వాటంతట అవే కదులుతాయి. అలవాటైంది.

మీ మేనకోడలు,
రాధ

*

నారాయణఖేడ్ దగ్గరి మన ఊరి నుంచి,
20 జులై 2001, ఉదయం తొమ్మిదిన్నర

చిరంజీవి రాధమ్మకు మొగులయ్య మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం మీద పటాన్‌చెరు ముద్ర పదమూడో తేదీది. నాకు చేరింది పంతొమ్మిదిన. బస్సుకు మూడు గంటల దూరం ఆరు రోజులు నడిచింది. నేను పోస్ట్‌మాస్టరుగా ఉన్నప్పుడు ఇలా జరిగితే సంజాయిషీ రాయించేవారు. బర్రె ఈనింది, పెయ్యదూడ.

నీ ఉత్తరం సమయానికి వచ్చింది. నీకు చెప్పకుండా ఉంచిన సంగతి ఒకటుంది. మీ అమ్మమ్మకు మరపు వచ్చింది. మొన్న మీ అత్త ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చింది. మన జీతగాడిని చూసి "నర్సన్న వచ్చిండు" అంటే "వర్షమొచ్చెనా" అని ఆరేసిన బట్టలన్నీ తీసి లోపల పెట్టింది. బర్రెకు రెండుసార్లు కుడితి పెట్టింది. నన్ను పట్టుకుని "సంగయ్యా" అంటున్నది. సంగయ్య ఆమె తమ్ముడు, పోయి ఇరవై ఏళ్లు.

గడ్డల వల్ల అని నువ్వు రాయగానే నాకు దారి దొరికింది. నిన్నటి నుంచే ఇంట్లో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, చామగడ్డ, గెణుసుగడ్డ అన్నీ బంద్ చేశాను. మీ అత్త పుష్పమ్మ, "ఉల్లిగడ్డ లేకుంట నేనేం వండాలె, నా తలకాయనా?" అన్నది. శాస్త్రం ముందు నోరు మూసుకోమన్నాను.

ఇక ఆ ప్రతి రక్షకం సంగతి. రక్ష అన్నావు కాబట్టి ఒకటి పంపించు. మెడకు కట్టాలా, జబ్బకు కట్టాలా? నల్లదారమా, ఎర్రదారమా? అన్నీ వివరంగా రాయవలెను.

ఇట్లు,
మొగులయ్య

*

పటాన్‌చెరు,
2 ఆగస్టు 2001

మామకు రాధ దండాలు.

అమ్మమ్మ సంగతి చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఆమెను ముందు మంచి డాక్టరుకు చూపించండి.

అత్తకు ఉల్లిగడ్డలు ఇచ్చేయండి. ఆ గడ్డలు వేరు, ఇవి వేరు. తినే వాటికీ మెదడులో కట్టే వాటికీ పొంతన లేదు. పాలు విరిగితే తునకలు తునకలుగా గడ్డ కడతాయి చూడండి, మెదడులో ఆ ప్రొటీన్ అలా కడుతుంది. ప్రతిరక్షకం తాయెత్తు కాదు. మన రక్తంలో రోగాన్ని పట్టుకునే కాపలాదారులుంటాయి, అదే జాతి.

వాటిని ఎలా చేస్తామంటే, ముందు తెల్ల ఎలుకలకు ఆ గడ్డలను సూదిమందుగా ఇస్తాం. ఎలుక ఒంట్లో కాపలాదారులు పుడతాయి. వాటిని పుట్టించే కణాలను తీసి గుంటల ప్లేట్లలో పెంచుతాం. పైదేశంలో ఇలాంటి మందు ఇచ్చిన మతిమరుపు ఎలుకలు నీళ్ల తొట్టిలో మెట్టు ఎక్కడుందో మళ్లీ గుర్తుపట్టాయట. మాకు ఎలుకలే చాలడం లేదు. తెప్పించినవి దారిలోనే ఆలస్యమవుతున్నాయి.

మామా, మీకు మాత్రమే చెబుతున్నాను. తొమ్మిది వందల అరవై మందిని వడపోస్తే నాకు ఒక్కడు దొరికాడు. గడ్డ కనబడితే చాలు, పట్టుకుని వదలడు. విడి ప్రొటీన్ జోలికి అస్సలు పోడు. పొద్దున వెళ్లగానే ముందు వాడి ముఖమే చూస్తాను. వాడు నిలబడితే నా బతుకు నిలబడినట్టే. సారు కూడా "ఇతన్ని జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు.

రాధ

*

మన ఊరు,
14 ఆగస్టు 2001, మధ్యాహ్నం భోజనానంతరం (భోజనం అనదగ్గది కాదు)

చిరంజీవి రాధమ్మకు,

ఈసారి ఎనిమిది రోజులు. కవరు అంచు కూడా నలిగింది.

పాల సంగతి నువ్వు ముందే రాయవలసింది. గడ్డపెరుగు ఆనాడే మానిపించాను. మజ్జిగ కూడా ఎందుకైనా మంచిదని ఆపాను. మీ అమ్మమ్మ అలిగి, పక్కింటి లక్ష్మీనరసమ్మ దగ్గరికి పోయి రెండు ఉల్లిగడ్డలు కొరుక్కుంటూ పెరుగన్నం తిన్నది. నేను పోయి అడిగితే, "ఏం తిన్ననో నాకు యాది లేదు" అన్నది. నోట్లో ఇంకా ఉల్లిగడ్డ ఉన్నది.

నీకు ఎలుకలు చాలడం లేదని చదివి నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నర్సన్నను పెట్టి వడ్ల కొట్టులో పన్నెండింటిని పట్టించాను. తెల్లవి కావు కానీ తెలివైనవి. మూడు నెలలుగా బోనులో పడకుండా తిరిగినవి. మూత బుట్టలో పెట్టి, పైన "శాస్త్ర పరిశోధన నిమిత్తం, తలకిందులు చేయరాదు" అని రాసి, పొద్దుటి బస్సు కండక్టరు సంగప్పకు అప్పగించాను.

ఇక అసలు సంగతి. ఆ ఒక్కడు ఎవరు? మీ అత్త ఉత్తరం రెండుసార్లు చదివించుకుని ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నది. తొమ్మిది వందల అరవై మందిని చూసే అవకాశం నీకెక్కడ దొరికింది? గడ్డ కనబడితే వదలడంటే ఆలుగడ్డ కూర ఇష్టమన్నమాట. మేమిక్కడ మానుకుని కూర్చున్నాం, ఆ సంబంధం ఎట్లా కుదురుతుంది? ప్రొటీన్ జోలికి పోడంటే కోడిగుడ్డు, మాంసం ముట్టడని అర్థమైంది. శాకాహారం వాళ్లు మన ఇంట్లో కలుస్తారా? పిల్లవాడి ఊరు, తల్లిదండ్రుల పేర్లు వెంటనే రాయవలెను. నేను కోపంగా లేను. కోపంగా లేనని మీ అత్త రాయమన్నది.

మొగులయ్య

*

పటాన్‌చెరు,
27 ఆగస్టు 2001

మామకు,

వాడు పిల్లవాడు కాదు. కణం. వాడి పేరు ఏడు-బి-మూడు. ఏడో ప్లేటు, బి వరస, మూడో గుంట. ఊరు లేదు, తల్లి ఒక ఎలుక. వాడు నిలబడితే అంటే చచ్చిపోకుండా పెరుగుతూ ఉంటే అని. అత్త ముఖం కడుక్కున్నది వృథా అయినందుకు బాధగా ఉంది.

ఎలుకల సంగతి. సంగారెడ్డి బస్టాండులో ఎవరో బుట్టను తలకిందులు చేశారు. మీరు రాసింది చదవడానికే తిప్పారట. మూత ఊడింది. ఒక ఎలుక టికెట్ల సంచిలో దూరిందని సంగప్ప సీటెక్కి నిలబడి, "ఇవ్వి సదువుకున్న ఎలుకలు, కొట్టకుర్రి" అని అందరినీ ఆపాడట. బుట్ట మీది చిరునామా చూసి కంట్రోలర్ మా కంపెనీకి ఫోన్ చేశాడు. త్రినాథరావు సారు ఫోనెత్తి అంతా విని, నన్ను పిలిచి, "మీ మామయ్య గారి దగ్గర్నుంచి స్టాకు వచ్చిందటండి" అన్నారు. నేను భూమిలోకి దిగిపోవాలనుకున్నాను.

పన్నెండింట్లో ఒకటే నా దాకా చేరింది. బయటి ఎలుకను లోపలికి తేకూడదు, మా ఎలుకలకు రోగాలంటుకుంటాయి. ముత్తంగి పొలాల్లో వదిలేశాను. ఇక పంపకండి.

ఒక మాట మాత్రం నవ్వకుండా చెబుతున్నాను. మా పని గెలిచినా అది మందై మనిషికి చేరడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. దాని కోసం చూస్తూ కూర్చోవద్దు. అమ్మమ్మను డాక్టరుకు చూపించండి. వచ్చే నెల పది రోజులు శిక్షణ కోసం పుణె పోతున్నాను. తిరిగొచ్చాక నేనే వస్తాను.

రాధ

*

మన ఊరు,
30 సెప్టెంబరు 2001, ఉదయం

చిరంజీవి రాధమ్మకు శుభవార్త. గడ్డలు దొరికాయి.

మొదటి నుంచి చెబుతాను. డాక్టరుకు చూపించమన్నావు. మరపు గురించి నీ కంపెనీకి తెలిసినంత ఎవరికి తెలుసని అమ్మను తీసుకుని నేరుగా పటాన్‌చెరు వచ్చాను. నువ్వు పుణెలో ఉన్నావన్నది గేటు దగ్గర గుర్తొచ్చింది. కాపలావాడు బిహారు మనిషి, నన్ను లోపలికి పోనివ్వలేదు. "ఎలుకలు పంపినాయన వచ్చిండని చెప్పు" అన్నాను. ఎలుకలన్నది అతనికి హిందీలో చెప్పడానికి కొంత అభినయం చేయవలసి వచ్చింది. అయిదు నిమిషాల్లో త్రినాథరావు గారే నడిచి వచ్చారు. చెట్టు కింద కుర్చీలు వేయించి చాయ్ ఇప్పించారు.

తాను వైద్యుడు కాదని ముందే చెప్పారు. అయినా అమ్మతో మాట్లాడతానని కూర్చుని, "ఇది ఏ సంవత్సరమండి?" అని అడిగారు.

"సంవత్సరీకమా? మా ఆయనది మాఘమాసంలనే అయిపాయె" అన్నది అమ్మ.

"ప్రధానమంత్రి ఎవరండి?"

"ప్రధానమా? పిల్ల ఒప్పుకోవాలె గద బిడ్డా. దానికి ఎవడో ఆలుగడ్డలోడు నచ్చిండట."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "వందలో ఏడు తీసేస్తే?"

"వంటల ఏం తీసేసిండ్రంటవా? ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పెరుగు. నా కొడుకు సంపుతుండు నన్ను."

అప్పుడాయన లేచి అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా, మీ ఊరి అంగడి ఏ రోజని అడిగారు. ఠక్కున చెప్పింది. పిల్లలెందరంటే చెప్పింది, మీ అమ్మ పోయిన సంగతీ చెప్పి కళ్లు తుడుచుకున్నది. పొద్దున ఏం తిన్నారంటే మాత్రం చెప్పలేదు. నా పేరడిగితే సంగయ్య అన్నది. "ముందు చెవులు చూపించండి. మిగతాది తర్వాత పెద్ద డాక్టరు చూడాలి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో సంగారెడ్డిలో దిగి చెవుల డాక్టరుకు చూపించాను. కుడి చెవిలోంచి ఒకటి, ఎడమ చెవిలోంచి ఒకటి, రేగ్గింజలంత గుమిలి గడ్డలు తీశాడు. ఆరేడేళ్లుగా పేరుకున్నవట. ఉప్పుకు పప్పు ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆ రెండు గడ్డలనూ మాత్రల డబ్బాలో పెట్టి దీనితోపాటు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మీ ఏడు-బి-మూడుకు చూపించు. పట్టుకుంటాడేమో.

మొగులయ్య

*

పటాన్‌చెరు,
8 ఫిబ్రవరి 2002

మామకు,

సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పలేని మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పటికి నాకూ తెలియదు.

పైదేశంలో ఇలాంటి టీకాను మనుషుల మీద పరీక్షిస్తున్నారు. టీకా వేసిన కొందరికి మెదడు వాపు వచ్చింది. పోయిన నెల అంతా ఆపేశారు. మా పని కూడా పైదేశపు కంపెనీ కోసమే కాబట్టి మాకూ ఆపమని కబురొచ్చింది. నన్ను పశువుల టీకాల విభాగానికి మార్చారు.

ఏడు-బి-మూడును చిన్న సీసాలో పెట్టి, పొగలు కక్కే చల్లని నత్రజని పీపాలోకి దించాను. సారు పక్కనే ఉన్నారు. "చచ్చిపోలేదండి, నిద్రపోతున్నాడు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మీకు పదేళ్లు పడుతుందని రాశాను కానీ మామా, నా లోపల మాత్రం అమ్మమ్మకే చేస్తున్నట్టు చేశాను. మీకంటే నేనే ఎక్కువ ఆశపడ్డాను.

సారు చెప్పినట్టు అమ్మమ్మను హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపిస్తానన్నారు కదా, ఆయన ఏమన్నాడో రాయండి. ఉన్నదున్నట్టు రాయండి.

రాధ

*

మన ఊరు,
20 ఫిబ్రవరి 2002, ఉదయం పది

చిరంజీవి రాధమ్మకు,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. డాక్టరు తలకు ఫోటో తీయించి, రక్తం చూసి, గంటసేపు మాట్లాడాడు. చెవుల వల్ల వచ్చిన తికమక పోయింది, మిగిలిన మరపు మాత్రం ఆ జబ్బేనన్నాడు. మొదలు అన్నాడు. నెమ్మదిగా పెరుగుతుందన్నాడు. బస్టాండుకు నడిచి వచ్చాం. అమ్మే, "సంగయ్యా, ముఖం అట్ల పెట్టినవేంది, ఆకలైతుందా?" అని అరటిపండ్లు కొనిపించింది.

ఇంట్లో మాత్రం నిప్పు రాజుకున్నది. ఆరేళ్లుగా అమ్మకు వినబడక, మీ అత్త ఆమె ఎదురుగానే ఆమెను తిట్టుకుంటూ వంట చేసుకునే అలవాటు పడింది. చెవులు బాగైన సంగతి తెలిసీ నోరు ఆగదు. మొన్న పొయ్యి దగ్గర కూర్చుని, "ఈ ముసల్దానికి నోరు తప్ప ఇంకోటి పనిచెయ్యది" అన్నది.

"శెవులు గూడ పనిచేస్తున్నయి" అన్నది అమ్మ, వెనక నుంచి.

ఆ రోజు ఇద్దరూ ముప్పై ఏళ్లవి తవ్వుకున్నారు. నేను గొడ్ల కొట్టంలో కూర్చున్నాను. తెల్లారి మీ అత్త ముఖం ముడుచుకుని చాయ్ ఇస్తే, అమ్మ నవ్వి, "పుష్పా, మంచిగ నిద్రపోయినవా?" అన్నది. తిట్టిందీ, తిట్టించుకున్నదీ ఏదీ గుర్తులేదు. మీ అత్తకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. తట్టుకోలేక, "అత్తమ్మా, నిన్న తప్పయింది" అన్నది. అమ్మ, "పోనీ తియ్" అని మాఫ్ చేసింది. మధ్యాహ్నానికి ఆ మాఫీ కూడా మరిచిపోయింది. అప్పటి నుంచి మీ అత్త రోజూ పొద్దున ఒకసారి తప్పయిందంటుంది. అమ్మ దేనికని అడగదు. రోజూ మాఫ్ చేస్తుంది.

నీ పని గురించి నేను ఇచ్చే సలహా ఏమీ లేదు. పశువుల టీకా కూడా పనే. మన దూడకు ఒకటి పంపించు.

మొగులయ్య

*

పటాన్‌చెరు,
14 నవంబరు 2002

మామకు, అత్తకు, అమ్మమ్మకు,

పోయిన వారం సారు పశువుల విభాగానికి వచ్చి, "రాధ గారూ, మీవాడిని లేపాలండి" అన్నారు.

పైదేశం వాళ్లు దారి మార్చారు. టీకా వేసి ఒంట్లో కాపలాదారులను పుట్టించే బదులు, తయారైన వాటినే లెక్క ప్రకారం ఎక్కిద్దామని చూస్తున్నారట. అలాగైతే ఏదన్నా తేడా వస్తే ఆపెయ్యొచ్చు. సీసా తీసి గోరువెచ్చని నీళ్లలో పట్టుకున్నాను. మొదటి రోజు అన్నీ చచ్చినట్టే ఉన్నాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక మూల నాలుగు కణాలు గుండ్రంగా, మెరుస్తూ ఉన్నాయి. ఇవాళ్టికి గిన్నె నిండింది. వాడు ఇంకా గడ్డను పట్టుకుంటున్నాడు, నిన్ననే పరీక్షించాను.

ఇదంతా బాగైనా, మామా, పదిహేనేళ్లు. అసలు మందవుతుందో కాదో కూడా ఎవరూ చెప్పలేరు. అమ్మమ్మకు మాత్రం అందదు. దాచిపెట్టి సంతోషంగా ఉత్తరం రాయలేను. ఆ మాట మీరే ఆమెకు చెప్పండి. నా వల్ల కాదు.

రాధ

*

మన ఊరు,
25 నవంబరు 2002, సాయంత్రం

చిరంజీవి రాధమ్మకు,

నాలుగు రోజుల్లో చేరింది. పోస్టు వాళ్లను ఈసారి ఏమీ అనను.

నువ్వు చెప్పమన్నట్టే చేశాను. అరుగు మీద అమ్మను కూర్చోబెట్టి ఉత్తరం మొత్తం చదివాను. మీ అత్త వెనక కూర్చుని ఆమె తల దువ్వుతున్నది. సీసా, గోరువెచ్చని నీళ్లు, నాలుగు కణాలు, అన్నీ శ్రద్ధగా విన్నది. చివరి ముక్క కూడా వదలకుండా చదివాను.

"అయితే నాకు అందదు" అన్నది.

"అందదమ్మా."

"మరి ఎవలకు అందుతది?"

"పుష్పమ్మకు అందొచ్చు. దానికి నీ వయసు వచ్చేసరికి" అన్నాను.

అమ్మ వెనక్కు తిరిగి మీ అత్త ముఖం కాసేపు చూసింది. "దీనికి ఇయ్యకుర్రి. నేను తిట్టినయన్ని మర్సిపోనియ్యిర్రి" అన్నది.

దువ్వెన ఆగింది. కొంతసేపయ్యాక అమ్మ నా చేతిలో కాగితం చూసి, "ఎవల ఉత్తరం?" అన్నది. రాధదన్నాను. "సదువు" అన్నది. మళ్లీ మొదటి నుంచి చదివాను. అదే చోట అదే ప్రశ్న అడిగింది. నేను అదే జవాబు చెప్పాను. వెనక్కు తిరిగి అదే మాట అన్నది. పొద్దుగూకే లోపల మూడుసార్లు చదివించుకున్నది. మూడుసార్లూ అదే మాట.

నాలుగోసారి చదవమన్నది మాత్రం మీ అత్త.

మొగులయ్య